సింక్ అయిందని ధీమా వద్దు

నకిరేకల్ నిమ్మ మార్కెట్లో కమీషన్ దుకాణాల సర్వర్లు కొన్ని నేను చూస్తుంటాను. కాటా దగ్గర గుమాస్తా రైతు పేరు, బస్తాలు, ధర ఫోన్లో కొడతాడు. సిగ్నల్ దొరకగానే అది దుకాణంలోని సర్వర్‌కు, అక్కణ్నుంచి మిగతా ఫోన్లకు చేరుతుంది. ‘అన్ని ఫోన్లల్ల ఉన్నది గద సార్, మల్ల బ్యాకప్ ఎందుకు?’ అని సేట్లు అడుగుతుంటారు.

సింక్‌కు మంచీ చెడూ తెలియదు. ఎవరో పొరపాటున ఒక రైతు ఖాతా తీసేస్తే, ఆ తీసివేతను కూడా అన్ని ఫోన్లకూ మోసుకెళ్తుంది. 2019 వేసవిలో తెలుగు రాష్ట్రాల కరెంటు డిస్కంలకు ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తగిలి వెబ్‌సైట్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఆదుకునేది విడిగా దాచిన పాత కాపీయే.

ఆ కాపీ పనిచేయాలి కూడా. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో రెండు సర్వర్ల మధ్య సింక్ చెడింది. దాన్ని బాగుచేయబోయి ఇంజనీరు అసలు సర్వర్‌లోని డేటానే తుడిచేశాడు. ఆపేలోగా 300 గిగాబైట్ల దాకా పోయింది. చూస్తే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ తేడాతో రోజువారీ బ్యాకప్ అసలు జరగడమే లేదు. ఆ సంగతి చెప్పాల్సిన హెచ్చరిక మెయిళ్లూ చేరలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాటే చివరికి దిక్కయింది. జరిగిందంతా వాళ్లే బయటపెట్టారు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ చూపించారు.

సింక్ సర్వర్‌కు ఇంకో చిక్కుంది. రాత్రి తీసిన బ్యాకప్‌ను మధ్యాహ్నం ఎక్కిస్తే సర్వర్ రాత్రికి వెళ్తుంది, ఫోన్లు మధ్యాహ్నంలోనే ఉంటాయి. పొద్దుటి కాటా లెక్క ‘పంపేశాను’ అని ఫోన్ గుర్తుపెట్టుకుంటే మళ్లీ పంపదు. సర్వర్‌లో అది ఉండదు. ఎర్రర్ ఏదీ రాకపోవచ్చు. రైతు చేతిలో తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఉంటుంది, ఖాతాలో పైసా ఉండదు. అందుకే రిస్టోర్‌కు ముందు సింక్ ఆపాలి. ఫోన్లలో యాప్ తీసేసి మళ్లీ వేయడం లాంటివి ఎవరినీ చేయనివ్వకూడదు, మిగిలిన సాక్ష్యం అక్కడే ఉంది. సర్వర్ లేచాక, బ్యాకప్ తీసిన గంట నుంచి ఉన్న లెక్కలన్నీ ఫోన్లతో మళ్లీ పంపించాలి. ప్రతి కాటాకూ ఫోన్లోనే విడి నంబరు పడే ఏర్పాటుంటే, రెండుసార్లు వచ్చినా ఒకటే నిలుస్తుంది. నంబర్లు సర్వరే ఇస్తుంటే మాత్రం, పొద్దున ఒక రైతుకు పడ్డ నంబరు మధ్యాహ్నం ఇంకొకరికి పడుతుంది.

సేట్లకు నా మనవి ఒకటే. సరుకు పలుచగా వచ్చే రోజు చూసి, పాత కంప్యూటర్ ఒకదానిమీద బ్యాకప్ ఎక్కించండి. ఏదో ఒక తారీఖు మొత్తాన్ని తక్‌పట్టీ పుస్తకంతో కలిపి చూడండి. ఎండాకాలం గిరాకీ మొదలయ్యేలోపే ఆ పని కానివ్వండి.