చిగురంచున పనితనం

పళ్ళు తెల్లబరచడం గురించి ఎవర్ని కదిపినా మందు గురించే చెబుతారు. ఏ కంపెనీ జెల్లు, ఎంత శాతం, లైటు పెట్టారా లేదా, ఎంత తీసుకున్నారు. మందు సంగతి నిజానికి రెండు ముక్కల్లో అయిపోతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్. పంటి పైనున్న పింగాణి పొరలోంచి నిమిషాల మీద లోపలి డెంటిన్‌లోకి ఇంకుతుంది. అక్కడ రంగుకు కారణమైన పెద్ద అణువులను విరగ్గొడుతుంది. విరిగినవాటికి ఆ రంగు ఉండదు. ఎవరు పూసినా ఆ పని అది చేసుకుపోతుంది. పూసినవాళ్ళ చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే మందు కన్నా ముందు జరిగేది చూడాలి, మందు వెళ్ళకూడని చోటికి వెళ్ళకుండా కట్టే కట్ట చూడాలి.

ఒంగోలులో ఒక డాక్టరమ్మ ఈ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పళ్ళకు గార తీయడం, పుచ్చులు పూడ్చడం, ఎక్కడన్నా పగులుందేమో చూడడం అంతకు ముందే ముగించి ఉంచారు. ఆ రోజు పేషెంటు కుర్చీలో కూర్చోగానే ఆమె చేసిన మొదటి పని కుర్చీ మీది లైటు ఆర్పి కిటికీ తెర పక్కకి లాగడం. ఎర్ర చుడీదారు కనపడకుండా బూడిద రంగు గుడ్డ కప్పారు. లిప్‌స్టిక్ తుడిపించారు. అప్పుడు తీశారు షేడ్ గైడు.

జర్మనీలో బాడ్ జాకింగెన్ అనే ఊళ్ళోని వీటా కంపెనీ 1956లో తెచ్చిన రంగుల నమూనా అది. ఒక పట్టీకి గుచ్చిన 16 పింగాణి పళ్ళు. ఎ వరస ఎరుపు కలిసిన గోధుమ, బి ఎరుపు కలిసిన పసుపు, సి బూడిద, డి ఎరుపు కలిసిన బూడిద. కంపెనీ అక్షరాల వరసలో పెడితే, తెల్లబరిచే డాక్టర్లు వాటిని ఊడదీసి వెలుగు వరసలో మళ్ళీ పేర్చుకుంటారు. బి1 మొదట, సి4 చివర. డాక్టరమ్మ ఒక్కో నమూనాను పంటి పక్కన పెట్టి నాలుగైదు సెకన్లకు మించి చూడలేదు. చూపు వెంటనే ఆ బూడిద గుడ్డ మీదికి తిప్పుకునేవారు. కళ్ళు పసుపుకు అలవాటు పడిపోతే ఉన్న పసుపు ఉన్నట్టు కనపడదట. ముందు పళ్ళకు ఎ3, కోరపళ్ళకు ఎ4 అని రాసుకుని, నమూనాతో కలిపి ఫోటో తీశారు.

ఇదంతా పళ్ళు తడిగా ఉన్నప్పుడే జరగాలి. నోరు తెరిచి కాసేపు గాలి తగిలితే చాలు, పన్ను ఆరి ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. పని అయిన నిమిషంలోనే అద్దం చేతికిచ్చి ఎన్ని షేడ్లు తగ్గాయో లెక్క చెప్పేవాళ్ళు ఆ ఆరిన తెలుపును కూడా కలిపి చెబుతున్నారన్నమాట. అసలు రంగు కుదురుకోవడానికి వారం పదిరోజులు పడుతుంది.

ఇక కట్ట. పెదవులకు వాజలీన్ రాసి, బుగ్గల్ని వెనక్కి పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం తొడిగారు. పెదవి లోపలి వైపు గాజుగుడ్డ కుక్కారు. నాలుకను దాని స్థానంలో ఉంచేందుకు మరో అమరిక. చిగుళ్ళను గాలితో ఆరబెట్టారు. తడి ఉన్న చిగురును ఏ కాపూ పట్టుకోదు. సిరంజి కొసన సన్నటి సూదిలాంటి గొట్టం. అందులోంచి నీలపు రెజిన్, తేనె కన్నా కొంచెం చిక్కగా, చిగురంచు వెంబడి జారుతూ వచ్చింది. కుడివైపు చిన్న దవడ పంటి దగ్గర మొదలై ఎడమవైపు చిన్న దవడ పంటి దాకా ఎక్కడా తెగలేదు. చిగురు మీద నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు, పంటి మీదికి మాత్రం అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరు తగ్గితే మందు కిందికి కారుతుంది. పెరిగితే పంటి మొదట్లో పసుపు గీత మిగిలిపోతుంది. రెండు పళ్ళ నడుమ చిగురు ముక్కోణంగా పైకి వచ్చే చోట ఆమె చెయ్యి నెమ్మదించింది. అక్కడ గొట్టం కొసను లోపలికంటా పెట్టి, రెజిన్ దానంతట అది నిండేదాకా ఆగి, అప్పుడు ముందుకు కదిలింది.

తర్వాత నీలి లైటు. ఒక్క చోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ గట్టిపరిచారు. గట్టిపడేటప్పుడు రెజిన్ వేడెక్కుతుంది, ఒకే చోట లైటు నిలిపితే చిగురు చురుక్కుమంటుంది. అయిపోయిందనుకున్నాను. కాలేదు. చిన్న అద్దం పళ్ళ కొసల దగ్గర పెట్టి, కింది నుంచి పైకి కట్టను చూశారు. ఎదురుగా చూస్తే అతికినట్టే ఉంటుంది. కొస వైపు నుంచి చూస్తేనే ఎక్కడన్నా గులాబి రంగు తొంగి చూస్తోందా అన్నది తెలుస్తుంది. ఒక చోట కనిపించింది, ఆవగింజంత కూడా లేదు. అక్కడ ఇంకో చుక్క వేసి, మళ్ళీ లైటు, మళ్ళీ అద్దం. పట్టు వదలని ఆ రెండో చూపుకే నేనైతే డబ్బులిస్తాను.

క్లినిక్కులో వాడే మందు గాఢత సాధారణంగా 25 నుంచి 40 శాతం. అది చిగురుకు తగిలితే నిమిషాల్లో అక్కడ తెల్లగా పాలిపోతుంది, మంట పుడుతుంది. వెంటనే కడిగి జాగ్రత్త తీసుకుంటే మానేదే, కానీ ఆ మంట పేషెంటు మరిచిపోడు. బ్రిటన్‌లో దంతవైద్య వృత్తిలో నమోదైనవాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ పని చేయకూడదని చట్టం. మన దగ్గర బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద ఫేషియల్‌కూ పెడిక్యూర్‌కూ మధ్య దీన్ని రాసి ఉంచడం చూస్తే నాకు ఆ కట్టే గుర్తొస్తుంది.

మందు పూయడం చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. మిల్లీమీటరు మందంలో పరుస్తారు, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగుతారు, తీసేసి మళ్ళీ పూస్తారు. మొత్తం రెండు మూడు విడతలు. తీసేటప్పుడు ముందు సన్నటి సక్షన్ గొట్టంతో పీల్చి, గాజుగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే నీళ్ళు కొడతారు. ముందే నీళ్ళు కొడితే మందు చిమ్ముతుంది. అంతసేపూ డాక్టరమ్మ కుర్చీ వదలలేదు. "జివ్వుమంటే ఓర్చుకోకమ్మా, చెయ్యెత్తు. ఇక్కడ ఓర్పుకి మార్కుల్లేవు" అన్నారు. మధ్యలో ఒకసారి చెయ్యి లేచింది. మూడో విడత మానేశారు. లైటు పెట్టలేదేం అని అడిగాను. ఇంత గాఢమైన మందుకు లైటు వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదని చాలా పరిశోధనల్లో తేలిందట. లైటుతో వచ్చే వేడి, ఖర్చు, ఫోటోకు హంగు మాత్రం ఉంటాయి.

ఇంట్లో చేసుకునే పద్ధతిలో పనితనం కుర్చీ దగ్గర కాదు, ల్యాబులో కనిపిస్తుంది. ఆ పద్ధతి పుట్టిన తీరు కూడా బాగుంటుంది. 1960ల చివర అమెరికాలో అర్కన్సా రాష్ట్రం ఫోర్ట్ స్మిత్‌లో బిల్ క్లస్‌మియర్ అనే పలువరస సరిచేసే డాక్టరు, చిగుళ్ళ పుండ్లు మానడానికి 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ మందును పళ్ళ తొడుగులో వేసి రాత్రిళ్ళు పెట్టుకోమన్నాడు. చిగుళ్ళు మానాయి, పళ్ళు తెల్లబడ్డాయి. ఆ మాట డాక్టర్ల నోటా నోటా తిరిగి, చివరికి 1989లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన హేవుడ్, హేమన్ అనే ఇద్దరు పత్రికలో రాశాక లోకానికంతా తెలిసింది. 10 శాతం కార్బమైడ్ అంటే అందులో పెరాక్సైడ్ దాదాపు మూడున్నర శాతమే. నెమ్మదిగా పనిచేస్తుంది, రెండు మూడు వారాలు పడుతుంది. పళ్ళు జివ్వుమనడం కూడా తక్కువ.

తొడుగు చేయడానికి ముందు పళ్ళ అచ్చు తీస్తారు. దాంట్లో రాతిపొడి పోసి నమూనా దించి, అంగిలి భాగం కోసేసి గుర్రపునాడా ఆకారంలో పలచగా అరగదీస్తారు. అలా చేస్తేనే వేడి చేసిన మెత్తటి ప్లాస్టిక్ రేకును కింది నుంచి గాలి పీల్చినప్పుడు అది ప్రతి పంటి ఒంపుకీ హత్తుకుంటుంది. రేకు వేడికి కొంచెం కిందికి జారినప్పుడే దించాలి. తొందరపడితే పళ్ళ మధ్య దిగదు, ఆలస్యమైతే పలచబడి చిరుగుతుంది. ఆ తర్వాత సన్న కత్తెర పని. చిగురంచు ఎలా వంపులు తిరిగిందో అలాగే, పంటికో వంపుగా కోస్తారు. కోసిన అంచుకు క్షణం పాటు మంట చూపించి వేలితో నునుపు చేస్తారు. వేలు ఆ అంచు మీద నడిపి చూడండి, ఎక్కడా గుచ్చుకోకూడదు. నాలుక రాత్రంతా అక్కడే తచ్చాడుతుంది మరి. ఆన్‌లైన్లో దొరికే వేడినీళ్ళ తొడుగులకు ఈ వంపులు ఉండవు. మందు సగం చిగురు మీదే కూర్చుంటుంది.

ఇంతవరకూ చెప్పింది వయసు వల్లో, కాఫీ టీల వల్లో పసుపెక్కిన పళ్ళ సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఇంతకన్నా కష్టమైన పని ఉంది. కనిగిరి, మర్రిగూడ వైపు మంచినీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో పెరిగినవాళ్ళ పళ్ళు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును 1937లోనే డాక్టర్లు గుర్తించి రాశారు. అంతకు ముందు, 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు వెళ్ళిన ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు అక్కడివాళ్ళ గోధుమ మచ్చల పళ్ళు చూసి కారణం వెతకడం మొదలుపెడితే, అది నీళ్ళలోని ఫ్లోరైడ్ అని 1931లో గాని తేలలేదు. పింగాణి పొర తయారయ్యే చిన్నతనంలో పడిన దెబ్బ అది. పైకి నున్నగా ఉన్నా పొర లోపల సన్నటి గుల్ల ఉంటుంది. ఆ గుల్లలోకి రంగులు చేరి గోధుమ మచ్చలవుతాయి. చేరనిచోట సున్నంలాంటి తెల్ల మచ్చలుగా ఉండిపోతుంది.

ఇలాంటి పళ్ళకు మందొక్కటే పూస్తే గోధుమ రంగు చాలావరకు తగ్గుతుంది, సున్నం మచ్చలు అలాగే ఉంటాయి. మొదట్లో ఇంకాస్త కొట్టొచ్చినట్టు కూడా కనపడతాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు అంచెలంచెలుగా వెళతారు. మొదట హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ప్యూమిస్‌లాంటి గరుకు పొడి కలిపిన ముద్దతో పైపొరను అతి కొద్దిగా అరగదీస్తారు. 1986లో థియొడోర్ క్రోల్ అనే అమెరికన్ డెంటిస్టు గాడిలో పెట్టిన పద్ధతి ఇది. అరిగేది మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే పదింట రెండు మూడు వంతులు. ఎక్కడ ఆపాలన్నదే విద్య. పంటిని ఎదురుగా చూస్తే ఎంత అరిగిందో తెలియదు, కొస వైపు నుంచి ఒంపు చూడాలి. పంటిని తడిపి చూడాలి, ఎందుకంటే ఆరిన పంటి మీద మచ్చ ఎక్కువగా కనిపించి ఇంకొంచెం అరగదీయమని ఆశపెడుతుంది. ఇది అయ్యాక కొన్ని వారాలు తెల్లబరిచే మందు.

అప్పటికీ మిగిలిన సున్నం మచ్చలకు 2009లో జర్మనీ నుంచి వచ్చిన ఒక పద్ధతి ఉంది. నాకు అన్నిటికన్నా అందంగా అనిపించింది అదే. మచ్చ తెల్లగా కనపడేది అక్కడ తెల్ల రంగు ఉండి కాదు, గుల్లలో గాలి ఉండి. పింగాణిలోంచి వెలుగు వంగే తీరుకు లెక్క 1.62, గాలికి 1, నీటికి 1.33. ఈ తేడా వల్ల వెలుగు చెదిరి తెల్లగా కొడుతుంది. గుల్లలో గాలి స్థానంలో 1.5 దగ్గర ఉండే పలచటి రెజిన్ నింపితే వెలుగు చెదరడం తగ్గి, తడిసిన మల్లుపంచెలోంచి ఒంటి రంగు తెలిసినట్టు, లోపలి పంటి రంగు బయటికి తెలుస్తుంది. దానికి ముందు 15 శాతం ఆమ్లంతో రెండు నిమిషాలు పైపొర తెరిచి, కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క ఆల్కహాల్ వేస్తారు. ఆ చుక్క పడగానే మచ్చ మాయమైతే రెజిన్ పనిచేస్తుందని అర్థం. మచ్చ మాయం కాకపోతే మళ్ళీ ఆమ్లం. ఈ పని చేయించుకుంటుండగా నేను చూసిన అబ్బాయిది కనిగిరి అవతలి ఊరు, డిగ్రీ చదువుతున్నాడు. మొదటి చుక్కకు ఎడమ పంటి మీది మచ్చ పోయింది, కుడివైపుది పోలేదు. "ఇంకో రెండు నిమిషాలు పడుకో నాయనా, అది కొంచెం లోతుగా ఉంది" అన్నారు డాక్టరమ్మ. రెండోసారికి అదీ పోయింది. ఆల్కహాల్ ఆరగానే రెండూ తిరిగి వచ్చాయి. అప్పుడు రెజిన్ నింపి, కొన్ని నిమిషాలు ఇంకనిచ్చి, లైటుతో గట్టిపరిచారు. ఈసారి తిరిగి రాలేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అలా శుభ్రపడిన నీళ్ళు అందకముందు పుట్టిన పిల్లల పళ్ళకు ఈ రెండు నిమిషాల ఓపిక కావాలి.

ఏ చెయ్యీ చేయలేనివీ ఉన్నాయి. తొడిగిన క్యాపులు, సిమెంటు పూడికలు తెల్లబడవు. చుట్టూ పళ్ళు తెల్లబడితే అవే పచ్చగా బయటపడతాయి. మార్చుకోవాలంటే తెల్లబరిచాక ఒకటి రెండు వారాలు ఆగి మార్చుకోవాలి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందు వాడడం వల్ల బూడిదైన పళ్ళకు నెలలు పడుతుంది. ఇక ఎంత తెలుపు కావాలన్నదానికి డాక్టర్లు కంటి తెల్లగుడ్డును కొలతగా చెబుతారు. దాన్ని దాటిన పలువరస మొహంలో ఇమడదు. కోరపన్ను పక్క పళ్ళకన్నా ఒకపాలు ముదురుగా ఉండడం, పంటి మొదలు కొంచెం పచ్చగా ఉండడం సహజం. వాటినీ చెరిపేసిన సినిమా నవ్వులు కొన్ని నాకు గోడకు వేసిన టైల్స్‌లా అనిపిస్తాయి.

ఇంటి జాగ్రత్తలు కొద్దే. రెండు రోజులు కాఫీ, టీ, పసుపు దట్టించిన కూరలు, కిళ్ళీ తగ్గించండి. పొగాకు పూర్తిగా మానాలి, పళ్ళ కోసమే కాదు. నిమ్మరసంలో ఉప్పు, బొగ్గుపొడి, ఇటుకపొడి జోలికి పోవద్దు. అవి గారతోబాటు పింగాణినీ అరగదీస్తాయి, పింగాణి పలచబడేకొద్దీ లోపలి పసుపే పైకి వస్తుంది. డాక్టరు రాయనిదే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడకండి, అదీ మచ్చలు తెస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ముచ్చట కొన్నాళ్ళు వాయిదా వేసుకోవాలి.

ఈ పనికి వెళ్ళేముందు మందు పేరు అడగకండి. షేడ్ గైడు పెట్టి ఫోటో తీస్తారా, చిగుళ్ళకు కాపు వేస్తారా, వేశాక అద్దం పెట్టి చూస్తారా అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చిన చోటే నోరు తెరవండి.