టెలివిజనునందుఁ బద్యనాటకము: బృందవాక్యవిచారము

టి. యస్. ఎలియటు రచించిన 'మర్డరు ఇన్ ది కెథీడ్రలు' అను పద్యనాటకము 1935వ సంవత్సరము జూను నెలలోఁ గాంటర్‌బరీ ప్రధానదేవాలయమునకుఁ జేరిన సభామందిరమునఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడెను. మఱుసటి యేఁడు నవంబరు 2వ తేదీని లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసునుండి బి. బి. సి. వారి టెలివిజను ప్రసారములు మొదలయ్యెను. డిసెంబరులోనే యీ నాటకములోని కొన్ని రంగములు వానియందుఁ జేరెను. ఆనాఁటి ప్రసారము నటులు నటించుచుండఁగనే జరుగునది, భద్రపఱుపఁబడునది కాదు. కావున నటన గుణదోషముల నిప్పుడు విమర్శింప వీలు లేదు. నాటకమున్నది, యంత్రస్వభావము తెలిసినది; ఆ రెంటి పొత్తు విచారింపవచ్చును.

ఈ నాటకమునకుఁ బ్రాణము కాంటర్‌బరీ స్త్రీల బృందము. 1170వ సంవత్సరమున ఆర్చిబిషప్పు బెకెట్టు హత్యకు సాక్షులైన యా పేదస్త్రీలకు వేఱువేఱు పేళ్లు లేవు. వారు తఱచుగా 'మేము' అని పలుకుదురు. ఆ బహువచనమే వారి భయమునకు బలము. ఒక్కతె భయపడినచో నది పిఱికితనము. ఊరెల్ల భయపడినచో నది కాలలక్షణము. రంగస్థలమునఁ బ్రేక్షకుఁడు గుంపునంతయు నొక్కచూపునఁ జూచును. సుమారడుగు వెడల్పు గల యానాఁటి తెరపై, 405 గీఁతల చిత్రమునందైనను, గుంపును జూపినచో ముఖములు చుక్కలగును. ఒక ముఖమును దగ్గఱకుఁ దెచ్చినచో 'మేము' అను పదము 'నేను' అనియే తోఁచును. చెవికి బహువచనము, కంటికి నేకవచనము! కర్తృక్రియలకుఁ బొత్తు చెడిన వాక్యమువలె నా ఘట్టము తూలును.

రెండంకముల నడుమ నున్న క్రిస్మసునాఁటి ధర్మోపన్యాసము మాత్రము యంత్రమునకుఁ జక్కఁగా నొదుగును. అది గద్యము, వక్త యొక్కఁడు. హత్యానంతరము నలుగురు నైటులు ప్రేక్షకులకు గద్యముననే తమ పనిని సమర్థించి చెప్పుకొను ఘట్టమును నట్టిదే. ఇంటఁ గూర్చున్నవాని మొగము చూచి హంతకుఁడు మర్యాదగా మాటలాడుట రంగస్థలమునకంటె నిచ్చట నెక్కువ భీతి గొల్పును. అనుసరణకర్త కిదియే యైదవ ప్రలోభము: పద్యమును గోసి గద్యమును నిలుపుట సులభము, కాని మిగులునది చరిత్రపాఠము.

1951వ సంవత్సరపు చలనచిత్రమున నాల్గవ ప్రలోభకుఁడు కనఁబడఁడు. ఆ గొంతుక ఎలియటుదే. మన నేపథ్యోక్తి వంటి దిది. ఆ ప్రలోభకుఁ డాడునది బెకెట్టు మనసులోని కీర్తికాంక్షయే కావున రూపము తొలఁగుటచే నర్థము పెరిగినది. చిన్నతెరపై బృందమునకు నీ మార్గమే తగును. స్త్రీలు పలుకునపుడు వారి మొగములను గాక, వినుచున్న బెకెట్టు మొగమును జూపినచో బహువచనము చెవికి దక్కును. ప్రథమబృందగీతమునాఁటి కాతఁడు ఫ్రాన్సునుండి యింకను రాలేదు. అచ్చట నాతఁడు రావలసిన ద్వారమును జూపుట మేలు.