సంచుల దగ్గర కూర్చునేదెవరు?

సింగపూర్‌లో కాపురం పెట్టిన ప్రతి తెలుగువాడికీ ఆఫీసు ఉద్యోగంతోపాటు ఇంకో ఉద్యోగం తప్పదు. అదే గైడు ఉద్యోగం. ఇండియా నుంచి అమ్మానాన్నలొచ్చినా, అత్తమామలొచ్చినా, కొత్తగా పెళ్ళయిన బావమరిది వచ్చినా మొదటి శనివారం పెరుమాళ్ కోవెల, ముస్తఫా. రెండో శనివారం సెంటోసా. 2001లో ఈ ఊరొచ్చినప్పటినుంచీ నేను ఈ సర్వీసులోనే ఉన్నాను. జీతం లేదు, రిటైర్మెంటూ లేదు.

ఇన్నేళ్ళ సర్వీసులో గమనించిన సంగతి ఒకటుంది. థీమ్ పార్కులో రైడు ఎక్కబోయే ముందు ప్రతి కుటుంబంలోనూ ఒక చిన్న చర్చ నడుస్తుంది: "సంచుల దగ్గర ఎవరుంటారు?" అని. లాకర్లున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, కానీ సంచులు ఒక సాకు మాత్రమే. మోకాళ్ళ నొప్పుల నాయనమ్మ, బీపీ మాత్రలు వేసుకునే తాతయ్య "నేను ఎక్కలేనురా" అని నోరు తెరిచి చెప్పరు. "మీరెళ్ళి రండి, నేను సంచులు చూస్తుంటా" అంటారు. మనం కూడా హమ్మయ్య అనుకుని లోపలికి పోతాం.

కొత్త రైడులు పాతవాటికి సాటి వస్తాయా అని మా అమ్మాయికీ నాకూ చాన్నాళ్ళుగా వాదన. తనకిప్పుడు ఇరవై ఏళ్ళు. "నాన్నా, నీకు పాతదైతే చాలు. పాటలు పాతవి, సినిమాలు పాతవి, ఇప్పుడు రైడులు కూడానా?" అంటుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకని ముందు పాతవాటినే బోనెక్కిస్తాను.

పాసిర్ రిస్‌లో ఎస్కేప్ థీమ్ పార్కు అని ఒకటుండేది. 2000లో తెరిచారు, 2011లో మూసేశారు. పెళ్ళయిన కొత్తలో, 2003లో, నేనూ మా ఆవిడా అక్కడ దుంగపడవ ఎక్కాం. పైనుంచి జారి నీళ్ళలో పడి, నిలువునా తడిసి, ఆ తడిబట్టలతోనే బస్సెక్కి ఇంటికొచ్చాం. అలాంటి రైడు మళ్ళీ రాలేదని ఇప్పటికీ అంటుంటాను. నిజాయితీగా ఆలోచిస్తే, ఆ గొప్పతనం రైడుదా, పక్కన కూర్చున్న కొత్త పెళ్ళికూతురిదా? ఈ లెక్క తేల్చుకోకుండా పాతవాటిని పొగడడం విమర్శ అనిపించుకోదు.

పాతదంతా బంగారం కాదనడానికి కేబుల్ కారు కూడా ఒక సాక్ష్యం. మౌంట్ ఫేబర్ కొండ మీదనుంచి సెంటోసాకి అది 1974 ఫిబ్రవరిలో మొదలైంది. 1983 జనవరి 29న రేవులోంచి వెళ్తున్న ఆయిల్ డ్రిల్లింగ్ ఓడ పైభాగం తీగకి తగిలింది. రెండు పెట్టెలు సముద్రంలో పడి ఏడుగురు చనిపోయారు. తక్కిన పెట్టెల్లో చిక్కుకున్న 13 మందిని ఆ రాత్రి హెలికాప్టర్లతో కాపాడారు. పాతరోజుల్ని తలుచుకుని నిట్టూర్చే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అయినా ఆ రైడు బతికింది. 2010లో పెట్టెలు మార్చారు. 2024లో యాభై ఏళ్ళ పండగకి గుండ్రటి బుడగల్లాంటి పెట్టెలు కొన్ని చేర్చారు. పెట్టె మారింది గానీ చూడవలసింది మారలేదు: కింద ఓడలు, ఎదురుగా దీవి, కాళ్ళ కింద సముద్రం. అందులో ఎవరెటు చూడాలో ఎవరూ చెప్పరు. మా చిన్నాడు ఓడలు లెక్కపెడతాడు, మా ఆవిడ ఫోటోలు తీస్తుంది, నేను తీగ వైపు చూస్తూ దేవుణ్ణి తలుచుకుంటాను. అందరం ఒకే పెట్టెలో ఉంటాం.

హా పార్ విల్లా కథ ఇంకా విచిత్రం. టైగర్ బామ్ సొంతదారు ఆ బూన్ హా 1937లో తన తమ్ముడి కోసం కట్టించిన తోట అది. అందులో పది నరకాల బొమ్మలున్నాయి. 1990లో దాన్ని డ్రాగన్ వరల్డ్ పేరుతో థీమ్ పార్కుగా మార్చి, టికెట్టు పెట్టి, పడవ రైడులు చేర్చారు. నష్టాలొచ్చాయి. కొన్నాళ్ళకి రైడులు పోయాయి, బొమ్మలు మిగిలాయి. ఆ నరకాలిప్పుడు 2021లో తెరిచిన హెల్స్ మ్యూజియంలో భాగం. 2012లో మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళాను. మా నాన్న ఒక్కో నరకం ముందూ ఆగి, "ఇదిగో, వీడే మన చిత్రగుప్తుడు. అదుగో, అబద్ధాలు చెప్పినవాడికి ఆ గతి" అంటూ ఏడేళ్ళ మనవరాలికి చీనా నరకాన్ని మన గరుడపురాణంలోకి అనువదించారు. పట్టాల్లేవు, మోటారు లేదు, బొమ్మలకి కదలికే లేదు. ఆ రాత్రి మా అమ్మాయి దీపం ఆర్పనివ్వలేదు. కదిలించేవన్నీ కదిలేవే కానక్కర్లేదని అప్పుడే తెలిసింది.

ఇక కొత్తవాటి సంగతి. యూనివర్సల్ స్టూడియోస్ 2010లో తెరిచారు. అందులో బాటిల్‌స్టార్ గెలాక్టికా జంట కోస్టర్లున్నాయి. ఎత్తు 42.5 మీటర్లు. ఒకదాంట్లో కూర్చుని వెళ్తాం, రెండోదాంట్లో కాళ్ళు గాలిలో వేలాడుతూ తలకిందులవుతాం. పార్కు తెరిచిన కొత్తలోనే సీట్ల సమస్యతో ఆపేశారు. 2011లో మళ్ళీ నడిపారు, 2013లో మళ్ళీ ఆపి 2015లో కొత్త బండ్లతో తెరిచారు. దాని కథ 2009లో ముగిసిన ఒక అమెరికన్ టీవీ సీరియల్‌ది. ఆ సీరియల్ పేరు కూడా వినని పిల్లలు లైనులో గంట నిలబడి ఎక్కుతున్నారు. ఎందుకంటే అక్కడ పనిచేసేది కథ కాదు, భూమ్యాకర్షణ. ఎత్తుకి చేర్చి వదిలేస్తే మిగతాది భూమి చూసుకుంటుంది. న్యూయార్కు కోనీ ఐలండ్‌లో 1927 నాటి సైక్లోన్ అనే చెక్క కోస్టరుకి ఇప్పటికీ జనం వస్తున్నారంటే కారణం అదే. ఈ కొత్త కోస్టరు పాతవాటికి సాటా అంటే నిస్సందేహంగా సాటే. సంచుల దగ్గర కూర్చునే నేనే ఈ మాట ఒప్పుకుంటున్నాను.

చిక్కల్లా తెర రైడులతో. ట్రాన్స్‌ఫార్మర్స్ రైడు 2011 డిసెంబరులో ప్రపంచంలో మొట్టమొదట సింగపూర్‌లోనే తెరిచారు. హాలీవుడ్‌కి 2012లో వెళ్ళింది. పన్నెండుగురు పట్టే బండి పట్టాల మీద కదులుతూ, ఊగుతూ, పెద్ద పెద్ద తెరల ముందు ఆగుతుంది. త్రీడీ కళ్ళద్దాల్లోంచి మరమనుషులు మన మీదకి దూకుతారు. మొదటిసారి ఎక్కినప్పుడు నేను నిజంగానే కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఇలాంటి రైడుల కిటుకు తెలిస్తే ముచ్చటేస్తుంది. కుర్చీని కొద్దిగా వెనక్కి వాలుస్తారు. మన బరువే మనల్ని కుర్చీకేసి నొక్కుతుంది. ఎదురుగా తెర మీద దృశ్యం దూసుకుపోతుంటుంది కాబట్టి, మనమే దూసుకుపోతున్నామని మెదడు నమ్మేస్తుంది. నాలుగడుగులు కదిలి నాలుగు మైళ్ళు పోయినట్టు భ్రమ కల్పించడం చిన్న విద్య కాదు.

కానీ ఆ విద్యకి రెండు లోపాలున్నాయి. ఒకటి, కన్ను ఒకటి చెప్తే లోపలి చెవి ఇంకోటి చెప్తుంది. ఆ పేచీలో కొందరికి కడుపు తిప్పుతుంది. రెండోది, నా దృష్టిలో పెద్దది: తెర ఎక్కడ చూపిస్తే అక్కడే చూడాలి. పక్కకి తిరిగితే చీకటి. మూడోసారి ఎక్కేసరికి నాకు ఏ క్షణాన ఏ మరమనిషి ఎటునుంచి వస్తాడో కంఠతా వచ్చింది. చూడడానికి ఇంకేం మిగల్లేదు. పైగా ఇంట్లో టీవీలు పెద్దవై, బొమ్మలు నాణ్యమైన కొద్దీ, నిన్న అద్భుతమనిపించిన తెర ఇవాళ మామూలవుతుంది. భూమ్యాకర్షణకి ఆ భయం లేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. అదే పార్కులో 2011లో మడగాస్కర్ కథతో ఒక పడవ రైడు పెట్టారు. పేరు క్రేట్ అడ్వెంచర్. చెక్కపెట్టెల్లాంటి పడవల్లో కూర్చుంటే నీళ్ళ కాలువ మెల్లగా లోపలికి తీసుకెళ్తుంది. అటూ ఇటూ సింహం, చారలగుర్రం, జిరాఫీ, నీటిగుర్రం బొమ్మలు, పాటలు, రంగు దీపాలు. పేరున్న విమర్శకులెవరూ దాన్ని ఆకాశానికెత్తలేదు. కుర్రకారుకి అది ఎండలో కాసేపు చల్లగా కూర్చునే చోటు, అంతే.

2012లో మేం ఐదుగురం అందులో ఎక్కాం: మా అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, మా అమ్మాయి. ఆ రోజు మొత్తమ్మీద సంచులు కూడా మాతోపాటు లోపలికొచ్చిన రైడు అదొక్కటే. మా నాన్న సాగర్ కుడికాలువ కింద జీవితమంతా సేద్యం చేసిన మనిషి. ఆయన సింహాన్ని చూడలేదు, నీళ్ళని చూశారు. "పడవకి మోటారుందా, నీళ్ళే తోస్తున్నాయా?" అని అడిగారు. ఇలాంటి రైడుల్లో పంపులు కాలువ నీటిని తోస్తాయనీ, ఆ పారుదలకి పడవ పోతుందనీ చెప్పాను. "అయితే వాలు ఎంత పెట్టారో" అన్నారు. ఈలోగా మా అమ్మాయి "తాతయ్యా, అటు కాదు, ఇటు చూడు, లెమూర్లు!" అంటూ ఆయన గడ్డం పట్టుకుని తిప్పుతోంది. మా అమ్మేమో కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభల మీది దీపాలు గుర్తొస్తున్నాయంది. ఒకే పడవలో తలా ఒక రైడు ఎక్కాం. తెర రైడులో అది కుదరదు. అందరికీ ఒకటే రైడు.

మా అమ్మాయి వాదనకి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ పడవ మేం ఎక్కేనాటికి కొత్తదే. కాబట్టి నేను మెచ్చేది పాతదనాన్ని కాదు. డిస్నీలాండ్‌లో 1967లో తెరిచిన సముద్రపు దొంగల పడవ రైడు దగ్గర్నుంచి వస్తున్న ఒక పద్ధతి అది: చుట్టూ నిజమైన వస్తువులు పేర్చి, మనిషిని మధ్యలోంచి నడిపించి, చూపుని వాడి ఇష్టానికి వదిలేయడం.

మా నాన్న 2019లో పోయారు. ఆ పడవ రైడుని 2022 మార్చిలో మూసేశారు. మడగాస్కర్ ఉన్న ఆ చోటే 2025 ఫిబ్రవరి 14న మినియన్ ల్యాండ్ తెరిచారు. ఆ జూన్ సెలవుల్లో మా అమ్మ ఒక్కతే వచ్చింది. డెబ్భై ఐదేళ్ళు. పార్కుకి తీసుకెళ్ళాం. మినియన్ల తెర రైడు దగ్గరికి రాగానే నేను అడగకముందే, "మీరెళ్ళి రండిరా, నేను సంచులు చూస్తుంటా" అంది. మేం లోపల పసుపుపచ్చ బొమ్మల్ని చూసి నవ్వాం. రైడు బాగానే ఉంది, పిల్లలకి మరీను. బయటికొచ్చేసరికి అమ్మ బెంచీ మీద ఒళ్ళో సంచి పెట్టుకుని చుట్టూ చూస్తోంది. "ఇక్కడే కదట్రా మీ నాన్న వాలు ఎంత అని అడిగింది?" అంది. నాకు నోట మాట రాలేదు.

అప్పుడు మా అమ్మాయి ఒక పని చేసింది. నాయనమ్మని చెయ్యి పట్టి లేపి, అక్కడే ఉన్న రంగులరాట్నం దగ్గరికి తీసుకెళ్ళింది. బగ్గీ బూగీ అని పేరు; పురుగుల వేషాలేసుకున్న మినియన్లు తిరుగుతుంటాయి. అమ్మ మొదట సిగ్గుపడింది, తరువాత ఎక్కింది. తిరనాళ్ళలో మనుషులు చేత్తో తోసే చెక్కగుర్రాల రాట్నం ఆవిడ చిన్నప్పటిది. ఇది కరెంటుతో తిరిగే పురుగుల రాట్నం. దిగాక, "ఇదే నయం, పక్కన మనిషి కనిపిస్తుంది" అంది. నేను ఇన్ని పేజీల్లో చెప్పబోయింది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ రోజు తిరుగు రైలులో మా అమ్మాయి ఊరుకోలేదు. "ప్రతి రైడూ నాయనమ్మ ఎక్కేలా ఉండాలంటే ఎలా నాన్నా? మేం మీరు లేకుండా భయపడే చోటు కూడా మాకు కావాలి" అంది. ఒప్పుకున్నాను. మా ఊరి జాతరలో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు మా నాన్న పక్కన లేకపోవడమే నాకూ పండగ. కోస్టర్లు ఉండాలి, ఇంకా ఎత్తుగా కట్టుకోనీ. నా ఫిర్యాదు వాటిమీద కాదు. అందరూ ఎక్కగలిగిన నెమ్మది రైడుని తీసేసిన చోట ఇంకో నెమ్మది రైడు కట్టకుండా తెర వేలాడదీయడం మీదే నా ఫిర్యాదు.

కొత్త విద్యతో అది చేయలేరా అంటే, చేసి చూపించారు. హాంకాంగ్ డిస్నీలాండ్‌లో 2013లో తెరిచిన మిస్టిక్ మేనర్ చూడండి. పట్టాల్లేని బండ్లు గదుల్లో వాటంతటవే తిరుగుతాయి. ఒక కోతి సంగీతపు పెట్టె తెరవగానే ఇంట్లోని వింత వస్తువులన్నీ ప్రాణం పోసుకుంటాయి. యంత్రం సరికొత్తది, మర్యాద పాతది. కుదుపుల్లేవు, చిన్నపిల్లలూ ఎక్కచ్చు, తలెటు తిప్పినా ఏదో ఒకటి కనిపిస్తుంది. కాబట్టి కొత్తవి పాతవాటికి సాటి రావని నేననను. తెరతో సరిపెట్టుకున్నవి రావు అంటాను.

రైడు బాగుందా లేదా తేల్చడానికి నాకిప్పుడు రెండే ప్రశ్నలు. రెండోసారి ఎక్కితే కొత్తగా చూడ్డానికేమైనా మిగిలిందా? సంచుల దగ్గర ఎవరు కూర్చున్నారు?

మొదటి ప్రశ్న పార్కు వాళ్ళది. రెండోది కొంత మనది కూడా. అమ్మానాన్నలు ఇక్కడుండేది నెలో, రెండు నెలలో. అందులో పార్కులో గడిపేది ఒక్క రోజు. వచ్చేసారి టికెట్లు కొనేటప్పుడు వాళ్ళు కూడా ఎక్కగలిగినవి ఏవో ముందే చూసిపెట్టుకుని, ముందు అటువైపు నడవండి. కోస్టరు దగ్గర వంతులేసుకోండి. నాయనమ్మ పక్కన బెంచీ మీద ఒకరు కూర్చోండి. నాకూ ఈ మధ్య మెట్లు దిగుతుంటే మోకాళ్ళు చప్పుడు చేస్తున్నాయి. ఇంకో పదేళ్ళకి ఆ బెంచీ నాదే. మా అమ్మాయికి ఈ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచాను.