గిన్నె అడుగున మిగిలిన అన్నం

రాత్రి తొమ్మిదిన్నరకు మా వంటింట్లో ఆఖరి పని గిన్నెలు ఖాళీ చెయ్యడం. అన్నం గిన్నెలో రెండు పిడికిళ్లు, పప్పు గిన్నె అంచుకు అంటుకున్న గరిటెడు, చిక్కుడుకాయ కూర నాలుగు ముక్కలు మిగిలేవి. ఫ్రిజ్‌లో పెడదామంటే అంత లేదు, పారేద్దామంటే చెయ్యి రాదు. అన్నీ ఆ గిన్నెలోనే కలిపి, చెంచాడు నెయ్యి, ఓ ఆవకాయ ముక్క వేసుకుని, సింకు పక్కన నిలబడే తినేసి గిన్నె కడిగి బోర్లించేదాన్ని. అప్పటికే నా భోజనం అయిపోయి ఉండేది. ఇరవై రెండేళ్ల పాటు ఈ రెండో భోజనాన్ని నేను తిండి కింద లెక్కే వెయ్యలేదు.

బరువు తగ్గడానికి మాత్రం చాలానే చేశాను. కొబ్బరి నూనె, నిమ్మకాయల డైట్ ఊరంతా పాకిన రోజుల్లో నేనూ నెల రోజులు చేశాను. నాలుగు కిలోలు తగ్గి, మళ్లీ అన్నం మొదలుపెట్టిన మూడు నెలలకు ఐదు కిలోలు పెరిగాను. ఓ స్లిమ్మింగ్ సెంటర్‌లో ముప్పై వేలు కట్టాను. పొట్టకు వేడి బెల్టు చుట్టి పడుకోబెట్టేవాళ్లు. చెమట పట్టి తగ్గింది నీటి బరువేనని ఎవరూ చెప్పలేదు, ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లు తాగగానే అదంతా తిరిగొచ్చేది. ఆ డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వాళ్లు ప్రతి వారం అన్న ఒకే మాట: ‘మీకు కంట్రోల్ లేదు మేడమ్.’ నేనది నమ్మాను.

నలభై ఎనిమిదో ఏట బీపీ మొదలయ్యాక డాక్టరుగారు ఓ డైటీషియన్ దగ్గరికి పంపారు. మా అమ్మాయి కన్నా నాలుగేళ్లు పెద్దదేమో. డైట్ చార్టు ఇస్తుందనుకున్నాను. పెన్ను పక్కన పెట్టి, “నిన్న పొద్దున్నుంచీ ఏం తిన్నారో చెప్పండమ్మా” అంది. చెప్పాను. అంతా విని, “మీ ఇంట్లో అందరి తర్వాత తినేది మీరేనా?” అంది. అవునన్నాను. “మిగిలింది ఎవరు తింటారు?”

ఆ ప్రశ్నకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా బరువుకూ నా ఇంటికీ ఉన్న సంబంధం అడిగిన మొదటి మనిషి ఆమె.

కప్పు అన్నానికి దాదాపు 200 కేలరీలు. నెయ్యీ పప్పూ కలిపితే ఇంకా ఎక్కువ. డెబ్బై కిలోల మనిషి ముప్పావు గంట గబగబా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు అంతే. పొద్దున్నే పార్కులో నేను నడిచిన నడకంతా రాత్రి సింకు దగ్గర నిలబడి వెనక్కి తెచ్చుకుంటున్నాను.

కొలవడం అప్పుడే మొదలుపెట్టాను. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీదే తేదీ రాశాను. లీటరు ప్యాకెట్ ఐదు రోజులకు అయిపోయింది. లీటరంటే 910 గ్రాములు. ఇంట్లో నలుగురం, తలకి రోజుకు 45 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల పళ్లేనికి కొవ్వులు, నూనెలు కలిపి చెప్పింది 27 గ్రాములు. అదే పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85, బియ్యం, గోధుమ, జొన్న లాంటివన్నీ కలిపి 250. మా ఇంట్లో సరిగ్గా తిరగేసి ఉంది: కంచం నిండా అన్నం, ఓ మూలన నూనెలో మగ్గిన కూర. ఇప్పుడు పోపుకి క్యాన్ వంచను, చెంచాతో కొలిచి వేస్తాను. మొదట్లో కూర అడుగంటేది. మూత పెట్టి, సెగ తగ్గించి, కాసిని నీళ్లు చిలకరించడం అలవాటయ్యేదాకా రెండు వారాలు పట్టింది.

బియ్యం దగ్గరే అసలు కష్టమొచ్చింది. మూడు గ్లాసులు పోసే చోట రెండున్నర పోశాను. అత్తయ్య కలవరపడ్డారు. “రాత్రిపూట గిన్నె ఊడ్చెయ్యకూడదమ్మా, నాలుగు మెతుకులైనా ఉండాలి. ఎవరైనా వస్తే?” అన్నారు. ఆవిడది పిసినారితనం కాదు, చాదస్తమూ కాదు. కరువు చూసిన తరం భయం అది. ఆ భయాన్ని తీసిపారెయ్యడం నాకిష్టం లేదు. అందుకే ఆ నాలుగు మెతుకులూ ఉంచుతున్నాం. పాలు పోసి తోడేస్తే పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తినే మొదటి పూట అదే. నా రెండో రాత్రి భోజనం మాత్రం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఇంతమందికీ ఒక్కసారే కంట్రోల్ పోయిందంటే నేనొప్పుకోను. థైరాయిడ్ మందగించిన వాళ్లున్నారు, పీసీఓఎస్‌తో నెలసరి తప్పుతున్న ఆడపిల్లలున్నారు, కాన్పు తర్వాత నిద్రలేని తల్లులున్నారు, ముట్లుడిగే వయసులో నడుం చుట్టూ కొవ్వు చేరుతున్న నాలాంటి వాళ్లున్నారు. ముందు ఆ పరీక్షలు చేయించుకోండి. తూకం యంత్రం కన్నా ముందు దర్జీ టేపు తియ్యండి. మన ఆడవాళ్లకు నడుం 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు డాక్టర్లు. నాది 94 ఉండేది.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి చాలామంది అడుగుతున్నారు. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశానికొచ్చాయి. వారానికొకసారి పొడుచుకునే మందులు. ఆకలిని తగ్గిస్తాయి, కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలుపుతాయి. బాగానే పనిచేస్తాయి. ఒళ్లు బాగా బరువై, షుగరో మోకాళ్ల నొప్పో వేధిస్తున్నవాళ్లు డాక్టరు చెబితే వాడుకోవడంలో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. అయితే వికారం, మలబద్ధకం చాలామందికి ఉంటాయి. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. గర్భం కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. పెళ్లికి మూడు నెలలుందని పిల్లకు ఇంజెక్షన్ వేయించే తల్లిని చూశాను. ఆ పిల్ల లావు కూడా కాదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెబుతాను: బరువులెత్తండి. ముట్లుడిగాక కండ త్వరగా కరుగుతుంది. తిండి తగ్గించి కేవలం నడిస్తే కొవ్వుతో పాటు కండా పోతుంది. నాకు జిమ్ కుదరదు. రెండు లీటరు సీసాల్లో ఇసుక నింపుకున్నాను. వారానికి రెండు రోజులు వాటితో చేతులకు, కుర్చీలోంచి లేచి కూర్చుంటూ తొడలకు. గుడ్డో, పప్పో, పెరుగో ప్రతి పూటా కంచంలో ఉండేలా చూసుకుంటున్నాను.

ఏడు నెలలకు 74 నుంచి 68కి వచ్చాను. నడుం 87. బీపీ మాత్ర సగానికి తగ్గించారు.

నిన్న రాత్రి ఐదు కంచాలు పెట్టాను. మా చెల్లెలు వచ్చింది. నాది అందరితో పాటే, ముందే వడ్డించుకున్నాను. తిన్నాక అలవాటుగా గిన్నెలు సర్దుతుంటే దొండకాయ కూర కాస్త మిగిలింది. చెయ్యి గరిటె మీదికి పోయింది. అత్తయ్య వెనకనుంచి చిన్న స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టారు. “ఇందులో తియ్యి. రేపు నా రొట్టెలోకి పనికొస్తుంది” అన్నారు.