పెద్దల బొమ్మలాట: ‘ది ఫ్లింట్‌స్టోన్స్’, నిమ్మలకుంట తోలుబొమ్మలు - ఒక పరిశీలన

యానిమేషన్ అంటే పిల్లల వినోదమన్న అభిప్రాయం మాధ్యమ విమర్శలో పెద్దగా ప్రశ్నకు గురికాకుండానే స్థిరపడింది. రెండు చరిత్రలు ఈ అభిప్రాయానికి ఎదురు నిలుస్తాయి. ఒకటి అమెరికన్ టెలివిజన్‌ది. రెండవది గాండ్లపెంట, కదిరి, ధర్మవరం ప్రాంతాల వారికి తెలిసిన తోలుబొమ్మలాటది.

‘ది ఫ్లింట్‌స్టోన్స్’ 1960 సెప్టెంబర్ 30, శుక్రవారం రాత్రి 8.30 గంటలకు ఏబీసీలో మొదలైంది. పెద్దలు పని ముగించుకొని టీవీ ముందు కూర్చునే వేళ అది. విలియం హానా, జోసెఫ్ బార్బెరా రాతియుగాన్ని పేరుకే తీసుకున్నారు. ఫ్రెడ్, విల్మా దంపతుల కలహాలు, పొరుగింటి బార్నీ, బెట్టీలతో స్నేహం, యజమాని అంటే భయం - ఇదంతా ‘ది హనీమూనర్స్’ అనే హాస్య ధారావాహిక నమూనాలో అల్లిన సమకాలీన మధ్యతరగతి జీవితమే. తొలి ప్రాయోజకులలో విన్‌స్టన్ సిగరెట్లు ఉన్నాయి. ప్రకటనల్లో ఫ్రెడ్, బార్నీలే వాటిని కాల్చేవారు. ఉద్దిష్ట ప్రేక్షకులెవరో నిర్ణయించడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. 1963లో కథలో పెబుల్స్ అనే పాప పుట్టింది. ఆ పాప ఆటబొమ్మగా అంగళ్లకు చేరింది, కథ మొగ్గు పిల్లలవైపు తిరిగింది. 1966 ఏప్రిల్ 1న, 166 భాగాలతో ధారావాహిక ముగిసింది. అంటే ‘పిల్లల కార్యక్రమం’ అన్న ముద్ర పుట్టుకతో వచ్చింది కాదు, విపణి వేసింది.

నిర్మాణ పద్ధతి మరింత ఆసక్తికరం. ‘టామ్ అండ్ జెర్రీ’ని రూపొందించిన ఈ ఇద్దరూ, 1957లో ఎంజీఎం కార్టూన్ విభాగం మూతపడ్డాక టెలివిజన్‌కు వచ్చారు. అక్కడి కొద్దిపాటి వ్యయానికి సరిపడేలా మొండేన్ని కదపకుండా తల, నోరు, చేయి మాత్రమే మార్చి గీయించారు. ఫ్రెడ్ మెడలోని టై ఆ అతుకును కప్పుతుంది. కదలిక తగ్గినచోట మాట పెరిగింది. దీనిని లోపంగా ఎంచేవారు తోలుబొమ్మను గమనించాలి. భుజం, మోచేయి, నడుము దగ్గర దారంతో కట్టిన కీళ్లు తప్ప ఆ మేకతోలుకు చలనం లేదు. రావణుడి ముఖకవళికలు మారవు. దీపపు వెలుగులో బొమ్మ ఊగుతుంది, ఆగ్రహమంతా గొంతులో పలుకుతుంది.

ఇక కలహం. రంగనాథ రామాయణ ద్విపదల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి వస్తారు. వీరి తగవు ఫ్రెడ్, విల్మాల తగవుకు దగ్గరిదే గాని, పని వేరు. ఫ్రెడ్ ఇల్లే అతని లోకం, అరగంటలో రాజీ కుదురుతుంది. బంగారక్క నోటివెంట వచ్చేది ఊరి సంగతి. అది పురాణానికి అడ్డుతగిలి, రాజసభ పక్కనే వంటింటిని నిలబెడుతుంది. ఈ హాస్యంలో బూతు పాలు ఎక్కువ, స్త్రీని ఎగతాళి చేసే పాలూ తక్కువేమీ కాదు. ‘గ్రామీణ అమాయకత్వం’ అని దానిని దాటవేయడం విమర్శ అనిపించుకోదు.

హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో పోగో ఛానెల్‌కు అందించిన ‘ఛోటా భీమ్’ను ఈ వెలుగులో చూడాలి. తోలుబొమ్మల తెరపై విరాటపర్వపు భీముడు వంటవాడి వేషంలో ఉండి కీచకుణ్ణి చంపుతాడు. ఢోలక్‌పూర్ భీముడికి లడ్డూ తింటే బలం వస్తుంది. వంటశాల వాసన మిగిలింది, ద్రౌపది అవమానం మిగలలేదు. రాజీవ్ చిలక సృష్టించిన ఈ బాలుడి ప్రజాదరణను తక్కువ చేయనక్కరలేదు. అయితే పెద్దలతో మాట్లాడే తెలుగు యానిమేషన్‌కు ఆ దారిలో చోటు దొరకలేదు.

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో నేడు తోలుబొమ్మల పనితనం ఎక్కువగా దీపపు తొడుగులలోకి, గోడ అలంకారాలలోకి మళ్లింది. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది, కాని హస్తకళగా. ఆ గుర్తింపు తోలుకు, రంగుకు, రంధ్రాల పనికి రక్షణ ఇస్తుంది, గొంతుకు ఇవ్వదు. ద్విపద గ్రంథస్థమై ఉంది కనుక నిలుస్తుంది. ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుతూ తెర వెనుక తెలుగులో ఆశువుగా అల్లిన బంగారక్క సంవాదాలకు అలాంటి ఆధారం లేదు. జానపద విభాగాల పరిశోధకులు బొమ్మల కొలతల కంటే ముందు సేకరించవలసింది ఆ సంవాదాల ధ్వనిముద్రణలనే, అవి చెప్పగల వృద్ధ కళాకారులు ఉన్నప్పుడే.