అరణంగా వెళ్లిన పిల్ల కథకు ముందుమాట

దొర బిడ్డకు పెండ్లి చేసి అత్తగారింటికి పంపేటప్పుడు నగలు, పట్టుచీరలు, పాడిపశువులతో పాటు ఒక ఆడపిల్లను కూడా అరణంగా పంపడం తెలంగాణ గడీల్లో మామూలు. ఆమెను ఆడబాప అనేవారు. ఆమెకు పెండ్లి లేదు, కూలి లేదు. పిల్లలు పుడితే వాళ్లు చెప్పుకోవడానికి తండ్రి పేరు లేదు. దొరసానికి తలంటాలి, కాళ్లొత్తాలి, ఆమె పిల్లలకు జోలపాడాలి, దొర పిలిస్తే పోవాలి. వెట్టి వద్దని నిజాం ప్రభుత్వం 1920ల్లోనే ఫర్మానా ఇచ్చింది. ఆ కాగితం గడీ తలవాకిలి దాటి లోపలికి రాలేదు.

ఈ నవలలో ఇద్దరు పిల్లలు అట్లాంటి తలవాకిలి లోపలే పెరుగుతారు. సూర్యాపేట తాలూకాలో ఒక గడీ. ఒకతె దొర బిడ్డ, రెండో పిల్ల ఆడబాప కూతురు. ఇద్దరి ముక్కుతీరూ ఒకటేనని ఊళ్లో అందరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనరు. బతుకమ్మ నాడు ఇద్దరూ కలిసి తంగేడు పూలు తెంపుతారు. పేర్చేది ఒకతె, ఎత్తుకునేది ఇంకొకతె. పద్నాలుగేళ్లకు దొర బిడ్డను కొల్లాపురం దిక్కు ఇచ్చారు. రెండో పిల్ల అరణంలో వెంట పోయింది. నల్లగొండ నుంచి పాలమూరుకు, కృష్ణ ఒడ్డు దాకా, ఒకే బండిలో ఇద్దరు. ఒకతెను ఇచ్చి పంపిస్తున్నారు, ఇంకొకతెను ఇచ్చివేస్తున్నారు.

ఇట్లాంటి ఇద్దరి నడుమ స్నేహం అన్న మాట వాడవచ్చునా? రాతప్రతి చదవకముందు, వాడరాదనే నా అభిప్రాయం. చదివాక కూడా సగం అభిప్రాయం మారలేదు. ఆ మిగిలిన సగమే ఈ నాలుగు మాటలు రాయించింది.

జాతిభేదం, బానిసత్వం అనగానే చదువుకున్నవాళ్లకు అమెరికా గుర్తుకొస్తుంది. సరే, అమెరికా మాటే తీసుకుందాం. స్యూ మంక్ కిడ్ 2014లో ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ వింగ్స్’ అనే నవల రాసింది. అందులో చార్లెస్టన్‌లోని ఒక పెద్దింట్లో పదకొండేళ్ల సారా గ్రిమ్కెకు పుట్టినరోజు కానుకగా ఒక నల్లపిల్లను రిబ్బను కట్టి ఇస్తారు. సారా చరిత్రలో ఉన్న మనిషే. పెద్దదై బానిసత్వానికి ఎదురు నిలిచి సభల్లో మాట్లాడింది. మన గడీలకు ఆ రిబ్బను కూడా అక్కర్లేకపోయింది. ఆ నవల మంచిదే కానీ, సారా మంచితనం మీద రచయిత్రికి ప్రేమ కొంచెం ఎక్కువ. మన రచయిత్రి దొర బిడ్డ మంచితనాన్ని అంత తేలిగ్గా నమ్మలేదు. నాకు నచ్చింది అదే.

ఒక్క ఘట్టం చెబుతాను. 1946. కడవెండిలో జులై 4న దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడన్న వార్త చుట్టాల నోట కృష్ణ ఒడ్డుకు కూడా చేరింది. ఆడబాప పిల్ల పారిపోవాలనుకుంటుంది. తలుపు తాళం దొర బిడ్డ కొంగున ఉంది. ఆమె తీసి ఇస్తుంది. ఇంకో రచయిత అయితే అక్కడ ఇద్దరినీ కౌగిలించుకోనిచ్చి, మన కళ్లలో నీళ్లు తెప్పించి, అధ్యాయం ముగించేవాడు. ఇక్కడ మాత్రం తాళం ఇచ్చిన మనిషి, ఈ రాత్రి ఎటు పోతావు, ఏం తింటావు అని అడగదు. మనసు లేక కాదు, అడగాలని తోచదు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల తిండి గురించి ఆలోచించే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. ఆ ఒక్క పేరా కోసం ఈ నవలను మెచ్చుకోవచ్చు.

మన నవలల్లో ఆడబాప కొత్త కాదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో ఆమె ఉంది. కాకపోతే అక్కడ ఆమెను చూసి జాలిపడే కన్ను బయటి నుంచి ఆ ఊరికి వచ్చిన పాటగాడిది. వట్టికోట ఆళ్వారుస్వామి నుంచి మొదలుకొని తెలంగాణ సాయుధ పోరాట నవలలు వెట్టిని చూపాయి, భూమిని చూపాయి, తుపాకీని చూపాయి. దంచుతూ, విసురుతూ ఇద్దరు ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నారో మాత్రం వాటిలో దాదాపు వినబడదు. వాళ్ల మాట వినడానికి మనకు చాలా ఏళ్లు పట్టింది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసింది. దళంలో తిరుగుతూ పసిబిడ్డను ఇంకొకరి చేతుల్లో పెట్టి వెళ్లాల్సివచ్చిన కమలమ్మ గొంతు అందులోనే విన్నాం. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక కమ్యూనిస్టు పార్టీ ఇక ఇంటికి పోయి సంసారం చేసుకోండి అన్నప్పుడు, ఇల్లే లేనివాళ్లు ఏం చేశారో అనే ప్రశ్నా అక్కడే మొదలైంది. ఈ నవలకు ఆ పుస్తకం అమ్మమ్మ వరస.

అదే పోరాటం నుంచి ఇంకో పేరు. తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం చిన్ననాడే వెట్టివాళ్లకు బియ్యం పంచింది. అక్కడి నుంచి దళంలోకి, 1978లోనూ 1983లోనూ శాసనసభకు వెళ్లింది. 2022లో కన్నుమూసేదాకా ఆమె పేరు మన నోళ్లలో ఉంది, ఉండాలి కూడా. ఆ బియ్యం కొంగున పట్టుకున్నవాళ్ల పేర్లు? ఈ కథ ఆ కొంగు దిక్కు నిలబడి రాసింది.

తప్పులు చెప్పకపోతే పెద్దరికం ఎందుకు? భువనగిరి ఆంధ్రమహాసభ అధ్యాయం బరువెక్కింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆ సభ జరిగింది నిజం, సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది నిజం. కానీ తీర్మానాలన్నీ పాత్రల చేత అప్పజెప్పించనక్కర్లేదు. ఆ అధ్యాయంలో బతికేది ఒక్క చోటే. జీతమే లేని పిల్లకు హాలీ సిక్కా నాలుగణాలు ఎక్కడివి? పుట్టింటికి వచ్చిన దొర బిడ్డ పోపుల డబ్బాలోంచి తీసి ఇస్తుంది. తన తండ్రి భూమిని అడిగే సంగానికి అని తెలిసే ఇచ్చిందా, తెలియకనా? రచయిత్రి చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదైంది. ఇంకో మాట, సూర్యాపేటలో పెరిగిన పిల్ల నోట అక్కడక్కడా పాలమూరు యాస దొర్లింది. పదేళ్లు కొల్లాపురం దిక్కు ఉంటే వస్తుందిలే అని రచయిత్రి వాదన. పెండ్లికి ముందరి పేజీల్లో కూడా వచ్చింది తల్లీ, చూసుకో.

సాగరు కట్టడం దగ్గర జరిగే చివరి భాగం మీద నాకు అసంతృప్తి ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశాడు. ఆ రాతికట్టడం మీద పాలమూరు కూలీలు ఏళ్ల తరబడి చెమటోడ్చారు. మన ఆడబాప పిల్ల ఇప్పుడు తలమీద తట్ట పెట్టుకున్న మేస్త్రీ కింది కూలి. మొదటిసారి వారం కూలి చేతిలో పడిన మనిషి. కౌలుదారి చట్టాలతో భూములు తగ్గిన దొర బిడ్డ ఆమెను వెదుక్కుంటూ వస్తుంది. ఎవరు ఎవరికి టీ తాగించాలి, ఎవరు ఎవరిని ఏమని పిలవాలి, కింద కూర్చునేది ఎవరు? ఇంత సరుకున్న కలయికను పది పేజీల్లో తేల్చేయడం అన్యాయం. కట్టడం సాగిన ఆ పన్నెండేళ్లు సాగర్ గుడిసెల్లో ఇంకో నవలకు సరిపడా ఉన్నాయి. అదే మాట రచయిత్రితో అంటే, కల్వకుర్తి, అచ్చంపేట ఊళ్లలో ఆనాడు సాగరుకు పోయివచ్చిన ముసలమ్మలను వెదుకుతున్నానని చెప్పింది. తొందరగా వెదకమన్నాను.