ప్లగ్గు సాక్ష్యము

ఉద్దానపు పల్లెలలో గృహస్థులకు మిషను రంపముతో నిత్యవ్యవహారము లేదు. కలప వ్యాపారులకును, సరుగుడు తోటలు కోయించువారికిని మాత్రమే యది దినదినము చేతనుండు పనిముట్టు. మిగిలినవారికి తుపాను వచ్చినప్పుడే దాని యవసరము స్ఫురించును. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటి, కొబ్బరిని, జీడిమామిడిని కూకటివ్రేళ్లతో పెకలించి త్రోవలకడ్డముగా పరచి పోయినప్పుడు, గొడ్డలి యొక్కటియే చాలదని యా ప్రాంతమువారికి దెలిసివచ్చినది. అట్టి యాపదలో కొన్న రంపము, ఆపద తీరిన పిమ్మట అటక యెక్కును; ఏండ్లు గడచును; ఒక వానకారున పెరటి పనసకొమ్మ విరిగి ప్రహరీమీద పడగా రంపమును దించి, సాలెగూళ్లు దులిపి, తాడు లాగుదురు. అది పలుకదు.

పలుకని యంత్రము నెదుట మనుష్యునకు దోచు మొదటి యుపాయము బలప్రయోగము. చోకు వేసి లాగుట, చోకు తీసి లాగుట, భుజము నొప్పిపుట్టువరకు లాగుట, తుదకు లాగినకొలది లోనికి చేరిన పెట్రోలు ప్లగ్గును ముంచివేయగా, మొదట లేని రోగమొకటి క్రొత్తగా దెచ్చిపెట్టుట: ఇది లోకమునకలవాటైన క్రమము. మా యూరి మెకానిక్కొకడు, బడిచదువు తక్కువైనను తర్కమున దిట్టయైనవాడు, ఇట్లు చెమటోడ్చుచున్న యొక పంతులుగారిని జూచి, “తాడలా లాగేత్తన్నారేటి మాస్టారూ? ముందు ప్లగ్గునడగండి, అదే సెప్తాది” అనెను. న్యాయశాస్త్రము చదువు విద్యార్థి కొండమీది పొగను జూచి యగ్ని నూహించుట నేర్చును. ఇచట పొగయు లేదు, అగ్నియు లేదు. లేనిదానినుండి కారణమును రాబట్టుట యంతకంటె గడుసు పని గనుకనే సాక్షి కావలసివచ్చినది.

సాక్షిని పిలుచుటకు మున్ను స్విచ్చి ఏ వైపునున్నదో చూచుట మేలు. ఇంత చిన్నమాట చెప్పవలెనా యనువారు దుకాణములో ఒక పూట కూర్చుండి చూడవచ్చును. పలుమారు లాగిన పిమ్మట విప్పిచూచిన ప్లగ్గు పొడిగానున్నచో పెట్రోలు సిలిండరుదాకా రాలేదన్నమాట. తడిసియున్నచో, వచ్చినదిగాని నిప్పు పుట్టలేదన్నమాట, కాదేని మితిమీరి వచ్చి నిప్పును ముంచినదన్నమాట. ఈ యొక్క పరీక్షతో సగము సందేహములు తొలగును. తడిసినదానిని తుడిచి, కొనలనడుమ సందు అర మిల్లీమీటరున్నదో లేదో సరిచూచి, తీగ టోపీ తగిలించి, దాని మరలభాగమును సిలిండరు రెక్కకానించి తాడు లాగినచో నీలిరవ్వ కనబడవలెను. ప్లగ్గు రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి వెలువడుచుండును గావున ఆ రవ్వను దానికి దూరముగా నుంచుట ముఖ్యము. పొడిదానికి వేరొక యుపాయము కలదు: క్రొత్తగా నూనె కలిపిన పెట్రోలు కొన్ని చుక్కలు ఆ రంధ్రమున విడిచి, ప్లగ్గు బిగించి లాగుట. యంత్రము రెండు క్షణములు గర్జించి చచ్చెనా, సంతోషింపవలెను. నిప్పున్నది, ఒత్తిడియున్నది; లోపమెల్ల పెట్రోలు వచ్చు త్రోవలోనే యున్నది. అటక దిగిన రంపములలో పెక్కింటికి రోగమిదియే.

నిలువయున్న పెట్రోలులోని తేలికపాళ్లు ఆవిరియై పోగా, మిగిలినది గాలిసోకి జిగురై వార్నిషు కంపు గొట్టును. ఇప్పుడు బంకులలో పోయు పెట్రోలున 20 శాతము దాకా ఇథనాలు కలియుటచే నింకొక చిక్కు చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. సముద్రతీరమున దానికి తేమ కొదువయా? తేమ హద్దు మీరినప్పుడు నీరును ఇథనాలును జతకట్టి యడుగునకు దిగును. నూనె పైనున్న పెట్రోలులోనే యుండిపోవును. ట్యాంకులోని ఫిల్టరు పడియుండునదియో, ఆ యడుగుననే. నూనెలేని యా ద్రవముతో ఇంజను తిరిగినను పిస్టను గీతలుపడి చెడును. కావున పాతదానికి క్రొత్తది కలిపి సరిపెట్టుకొనువారి పొదుపు నాకు నచ్చదు. మొత్తము వంచివేసి, పిసికినంతనే బీటలువారు పాత రబ్బరుగొట్టమును ఫిల్టరుతోసహా మార్చి, రంపముతో వచ్చిన పుస్తకమున జెప్పిన పాలున (మంచి టూస్ట్రోకు ఆయిలైనచో సాధారణముగా లీటరుకు 20 మిల్లీలీటర్లు) క్రొత్తగా కలిపి పోయవలెను.

అప్పటికిని పలుకనిచో కార్బొరేటరు విప్పక తప్పదు. నాకన్నిటికంటె నిష్టమైన ఘట్టమిది. ఒక మూతక్రింద చిటికెనవ్రేలి గోటిపై నిలుచునంత జల్లెడ యుండును. దానిమీద పచ్చనైన జిగురు పేరుకొని వెలుతురును గూడ పోనీయదు. వేరొక మూతక్రింద పలుచని డయాఫ్రము, దాని నంటి చిన్న మీట, మీట చివర సూది. తమలపాకువలె మెత్తగా వంగవలసిన యా పొర యెండి, వ్రేలితో నొక్కగా పెళపెళమనును. సూది తన గూటిలో నతుకుకొనిపోయి యుండును. జల్లెడను కడిగి, సూదిని విడిపించి, పొరలను మార్చినచో చాలును. సన్నని రంధ్రములలో ఇనుపతీగ దూర్చి పెద్దవి చేయరాదు. కార్బొరేటరునే తీసి పారవేసి క్రొత్తది వేయుట త్వరితమైన మార్గమేగాని, ట్యాంకులోని మడ్డిని కడుగక యట్లు చేసినవాడు క్రొత్తదానికిని పాతగతియే పట్టించును.

ఈ పొరల యేర్పాటు లేనినాడు రంపము నడుపుట యెంత దుర్భరమో యూహింపవచ్చును. జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1929లో చేసిన పెట్రోలు రంపము 46 కిలోల బరువు. దానిని మోయ నిద్దరు కావలెను. ఆ కాలపు రంపములలో తొట్టిలో తేలు బుడ్డిగల కార్బొరేటర్లుండుటచే ఇంజనును ప్రక్కకు వంచిన పెట్రోలు పారుట కుంటుపడెడిది. డయాఫ్రము వచ్చిన పిదపనే చెట్టెక్కినవాడు రంపమును తలక్రిందుగా బట్టినను అది పలుకుట మొదలిడినది. అంతటి స్వేచ్ఛ నిచ్చినదియు, ఏండ్లతరబడి యూరకుంచిన నలుగునదియు ఆ పొరయే.

రంపము లేచిన పిమ్మట కోతకు దిగుటకు మున్ను చూడవలసినది చైను నూనె. కొనను తెల్లకాగితమువైపు చూపి వేగము పెంచినచో దానిపై సన్నని నూనెగీత పడవలెను. పడనిచో నూనెదారి గడ్డకట్టినదని యర్థము.

మరల అటక యెక్కించు పద్ధతియందు పనివారిలో నేకాభిప్రాయము లేదు. ట్యాంకు వంచి, ఇంజను తనంత నాగువరకు నడిపి, ఎండబెట్టి దాచుమని యొకరు. ఎండిన పొర బిరుసెక్కును గాన కొంత మంచి పెట్రోలు లోననుండనిమ్మని మరియొకరు. ఈ తేమలో నేను మొదటివారి పక్షము. మా యూరి మెకానిక్కు మాత్రము రెండునుగాక, నెలకొకమారు దించి యైదునిమిషములు త్రిప్పుమనును. నిచ్చెన యెక్కి దిగవలసినవాడు తాను గాడు గనుక.